బిగించడమే పట్టు కాదు: స్నోబోర్డు బైండింగ్ కథ

1979లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, పాండో అనే చిన్న స్కీ కొండ మీద స్నర్ఫర్ల పోటీ జరిగింది. స్నర్ఫర్ అంటే మంచు మీద నిలబడి జారే పలక. ముక్కుకు కట్టిన తాడు చేత్తో పట్టుకుని, కాళ్లను పలక మీద ఊరికే ఆనించి దిగాలి. ఆ పోటీకి వెర్మాంట్ నుంచి జేక్ బర్టన్ కార్పెంటర్ అనే యువకుడు సొంతంగా తయారు చేసుకున్న పలకతో వచ్చాడు. దాని మీద పాదాన్ని పట్టి ఉంచే కట్టు ఉంది. తక్కినవాళ్లు అభ్యంతరం చెప్పారు. కాలు కట్టుకుని దిగేవాడినీ కాలు ఆనించి దిగేవాడినీ ఒకే వరసలో ఎలా నిలబెడతారన్నది వాళ్ల ప్రశ్న. నిర్వాహకులు అతని కోసం విడిగా ఒక విభాగం పెట్టారు. అందులో దిగింది అతనొక్కడే, గెలిచిందీ అతనే. స్నోబోర్డు చరిత్ర చెప్పేవాళ్లు దీన్నొక సరదా ముచ్చటగా చెప్పి ముందుకు సాగిపోతుంటారు. కానీ ఆ పోటీదారుల అభ్యంతరం చాలా సరైనది. పాదానికి కట్టు పడగానే ఇది వేరే ఆట అవుతుందని వాళ్లు అందరికన్నా ముందు గుర్తించారు.

ఈ ఆట గురించి రాసినవాటిలో ఎక్కువ భాగం పలక గురించే ఉంటుంది: దాని పొడవు, నడుము, వంపు, లోపలి చెక్క, అడుగున పూసే మైనం. పాదాన్ని పట్టి ఉంచే కట్టును, అంటే బైండింగ్‌ను, అంగడిలో పలకతోపాటు కొనే ఉపకరణంగా చూడడం అలవాటైపోయింది. నిజానికి ఈ ఆటను ఆటగా నిలబెట్టింది బైండింగే. దాని చరిత్రను వరసగా చూస్తే ఒక విషయం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ప్రతి మలుపులోనూ పట్టు పెరిగింది బిగింపు పెంచినందువల్ల కాదు. పాదంలో ఏ కీలును ఆపాలో, దేన్ని కదలనివ్వాలో ఎవరో ఒకరు కనిపెట్టినందువల్ల. అందుకే సుఖం కోరితే అదుపు పోతుందనీ, అదుపు కావాలంటే నొప్పి భరించాలనీ కొండల మీద ఇప్పటికీ వినిపించే నమ్మకానికి చరిత్రలో ఆధారం దొరకదు.

ఈ సంగతి స్నోబోర్డు కంటే చాలా ముందే స్కీలు నేర్పాయి. నార్వేలోని టెలిమార్క్ ప్రాంతంలో మోర్గెడాల్ అనే ఊరివాడు సోండ్రె నోర్‌హైమ్. 1825లో పుట్టాడు, పేద రైతు. అప్పటి స్కీలకు ఎక్కువగా వేళ్ల దగ్గర ఒక తోలు పట్టీ మాత్రమే ఉండేది. నడవడానికి అది చాలు. గాల్లోకి దూకితే స్కీ ఊడిపోయేది, మలుపు తిప్పబోతే పాదం ఒక దిక్కు, చెక్క ఒక దిక్కు పోయేవి. నోర్‌హైమ్ మెలితిప్పిన సన్నని కొమ్మలతో మడమ చుట్టూ ఒక కట్టు వేశాడు. మడమ పైకి లేవగలదు, పక్కకు మాత్రం జారదు. అంతే తేడా. ఆ కట్టుతో అతను దూకాడు, మలుపులు తిప్పాడు, 1868లో క్రిస్టియానియా నగరంలో (ఇప్పటి ఓస్లో) జరిగిన పోటీలో చూపరులను విస్మయపరిచాడు. అతను మడమను చెక్కకు బిగించేసి ఉంటే నడక సాగేది కాదు. వదిలేసి ఉంటే మలుపు తిరిగేది కాదు. ఒక కదలికను ఆపి, దాని పక్కనే ఉన్న ఇంకో కదలికను వదిలేయడంలో ఉంది అతని ప్రతిభ.

తర్వాతి అరవై ఏళ్ల కథను కొన్ని మాటల్లో ముగించవచ్చు. 1894 ప్రాంతంలో ఫ్రిట్స్ హుయిట్‌ఫెల్ట్ వేళ్ల పక్కన ఇనుప చెవులు పెట్టాడు. ఆస్ట్రియాలోని లిలియన్‌ఫెల్డ్‌లో మథియాస్ జ్దార్‌స్కీ, నార్వే మెట్టలకు సరిపోయిన కట్టు ఆల్ప్స్ నిట్టనిలువు వాలుకు సరిపోదని గ్రహించి ఉక్కు పలకతో కొత్త కట్టు తయారు చేశాడు. 1929లో స్విట్జర్లాండ్‌కు చెందిన గుయిడో రూజ్ ఉక్కు తీగ కట్టు తెచ్చాడు. ఆ తీగను స్కీ పక్కనున్న కొక్కేలకు తగిలిస్తే మడమ కిందికి లాగబడి దిగడానికి అనువవుతుంది, కొక్కేల నుంచి తప్పిస్తే మడమ లేచి నడవడానికి అనువవుతుంది. దానికి కాందహార్ అని పేరు. ఆ కాలపు స్కీ పందేల నుంచి వచ్చిన పేరది. కాన్పూరులో పుట్టి, అఫ్గాన్ యుద్ధం తర్వాత కాందహార్ ప్రభువుగా బిరుదు పొందిన ఫ్రెడరిక్ రాబర్ట్స్ పేరు మీద ఒక స్కీ కప్పు నడిచేది. ఆ పందేలనూ, గేట్ల మధ్య మెలికలు తిరిగే ఆధునిక స్లాలమ్‌నూ తీర్చిదిద్దిన ఆర్నాల్డ్ లన్ 1888లో మన మద్రాసులో పుట్టినవాడు.  మన వాదానికి పనికొచ్చేది ఆ కట్టు కొక్కేలు. ఎప్పుడు బిగించాలి, ఎప్పుడు వదలాలి అనే నిర్ణయం మొదటిసారి తొక్కేవాడి చేతికి వచ్చింది.

మడమను బిగించినందుకు మూల్యం కాళ్లు చెల్లించాయి. పడినప్పుడు పొడుగాటి స్కీ మెలిపడితే ఎముక విరిగేది. నార్వే నుంచి అమెరికా వచ్చిన యాల్‌మార్ హ్వామ్ 1937లో తన కాలు విరగ్గొట్టుకుని, ఆ మంచాన ఉండగానే బలం మితిమీరితే దానంతటదే వదిలే కట్టును ఊహించాడు. కొండ దిగే స్కీల నేటి బైండింగులు ఆ దారిలోనే నడిచాయి. ఇక్కడ ఒక ప్రశ్న రావాలి. ఇంత మేలైన ఏర్పాటు ఉండగా స్నోబోర్డు దాన్ని ఎందుకు తీసుకోలేదు? నిర్లక్ష్యం వల్ల కాదు. స్నోబోర్డు మీద రెండు కాళ్లూ ఒకే పలకకు అతుక్కుని ఉంటాయి. ఒకటి ఊడి రెండోది మిగిలిపోతే మొత్తం పలక బరువు ఆ ఒక్క మోకాలిని మెలితిప్పుతుంది. రెండూ ఊడని చోట రెండు కాళ్లూ ఒకదాన్నొకటి కాపాడుకుంటాయి. స్నోబోర్డర్లకు మణికట్టు గాయాలు ఎక్కువ, స్కీయర్లకు మోకాలి లిగమెంట్ల గాయాలు ఎక్కువ అని వైద్యులు గమనించారు. వదిలే సూత్రం ఒక చోట ప్రాణాధారం, మరో చోట ప్రమాదం. కట్టు అనేది ఏ పాదానికి, ఏ పలకకు, ఏ వాలుకు అన్న ప్రశ్నల నుంచి విడదీసి ఆలోచించగలిగిన వస్తువు కాదు.

నిలబడి జారే పలక విషయానికొస్తే, దానికి తాతలు చాలామందే ఉన్నారు. తుర్కీ ఈశాన్యాన, రిజె ప్రాంతపు కొండ ఊళ్లలో జనం ఒక చేత తాడు, మరో చేత కర్ర పట్టుకుని చెక్క పలకల మీద నిలబడి జారుతూ వచ్చారు. 1929లో అమెరికాలో జాక్ బర్చెట్ అనే అతను ప్లైవుడ్ చెక్కకు బట్టలారేసే తాడుతో, గుర్రపు కళ్లేలతో కాళ్లు కట్టుకున్నాడని చెబుతారు. అసలు ఊపు వచ్చింది 1965 క్రిస్మస్ రోజున. మిషిగన్‌లోని మస్కీగన్ పట్టణంలో షెర్మన్ పాపెన్ తన కూతుళ్ల కోసం రెండు పిల్లల స్కీలను పక్కపక్కన చేర్చి అడ్డకర్రలతో బిగించాడు. భార్య దానికి స్నర్ఫర్ అని పేరు పెట్టింది. బ్రన్స్‌విక్ కంపెనీ దాన్ని బొమ్మల అంగళ్లలో అమ్మింది. కాలు జారకుండా పైన గరుకు ఏర్పాటు ఉండేదే తప్ప కట్టేమీ లేదు. బొమ్మ కాబట్టి పడ్డప్పుడు కాలు తేలిగ్గా విడిపోవాలనుకోవడం సబబే. కానీ పద్నాలుగేళ్ల వయసులో స్నర్ఫర్ చేతికందిన బర్టన్‌కు అది బొమ్మగా ఆగిపోయేది కాదనిపించింది. 1977లో వెర్మాంట్‌లోని లండన్‌డెరీలో అతను పలకల తయారీ మొదలుపెట్టాడు. అతని తొలి పలకల మీద ఉన్నది నీటి స్కీల మీద ఉండే రబ్బరు తొడుగు వంటి కట్టు. పాదం పలక నుంచి లేవకుండా చేయడం వరకే దానికి తెలుసు.

ఇక్కడే ఒక బలమైన అభ్యంతరం ఎదురవుతుంది. ఇప్పటికీ కొందరు బైండింగుల్లేకుండా, తాడు పట్టుకుని లోతైన మంచులో అందంగా జారుతున్నారు. స్నర్ఫర్ తరం అలాగే ఆనందించింది. అలాంటప్పుడు కట్టే ఆటను పుట్టించిందనడం అతిశయోక్తి కాదా? ఆ జారుడులోని అందాన్ని కాదనడానికి ఏమీ లేదు. సముద్రపు అల మీద నిలబడినట్టు నిలబడాలన్న ఆశే యూటాలో దిమిత్రీయె మిలోవిచ్‌ను 1970లలో వింటర్‌స్టిక్ పలకల వైపు నడిపింది. అయితే అది సాగేది మెత్తని మంచులోనే. లోతైన మంచులో పలక కొంత మునుగుతుంది, బరువు ఒక పక్కకు వాల్చితే చాలు, మంచే పలకను తిప్పుతుంది. గట్టిపడిన మంచు మీద అలా కుదరదు. అక్కడ పలకను అంచు మీదికి లేపి, ఆ అంచును మంచులోకి దించాలి. ఊరికే ఆనిన పాదం పలకను నొక్కగలదు గానీ లేపలేదు. అమెరికా తూర్పు కొండల మీద, యంత్రాలు చదును చేసిన వాలుల మీద ఉండేది గట్టి మంచే. కట్టు లేని ఆట ఎప్పుడో కురిసే కొత్త మంచుకు కట్టుబడిపోయేది.

పాదాన్ని పలకకు అతికించినంత మాత్రాన కూడా ఆ సమస్య తీరలేదు. 1980ల తొలినాళ్లలో జనం చలిబూట్లు వేసుకుని, కొందరు వాటిలో స్కీ బూట్ల లోపలి పొర దోపుకుని, పట్టీలతో బిగించుకునేవాళ్లు. మునివేళ్ల వైపు మలుపు వాళ్లకు వచ్చేది. మడమ లేపబోతే చీలమండ మీది పట్టీ అడ్డుకుంటుంది, పలక అంచు మీదికి లేస్తుంది. కష్టమంతా మడమ వైపు మలుపులో. అక్కడ వేళ్లు పైకి లేపి, వెనక్కి కూర్చుని, మడమ అంచు మీద నిలవాలి. పట్టీ ఎంత బిగించినా వెనక ఆనుకోవడానికి ఏమీ లేకపోతే ఆ బరువంతా ముంగాలి సన్నని కండరాల మీద పడుతుంది. కాసేపటికే అవి అలిసిపోతాయి, అంచు సడలిపోతుంది. జెఫ్ గ్రెల్ అనే అమెరికన్ ఆ రోజుల్లోనే మడమ వెనక నిలువుగా లేచి పిక్క దిగువకు ఆనే బద్దను అమర్చాడు. దాన్నే హైబ్యాక్ అంటారు. ఇక వెనక్కి వాలితే పిక్క ఆ బద్దను నొక్కుతుంది, బద్ద పలకను లేపుతుంది. పాదం చేయలేక చేస్తున్న పనిని కాలు మొత్తం తీసుకుంది. గ్రెల్ అదనంగా దేన్నీ బిగించలేదు. చీలమండను వెనక్కి పోకుండా ఆపి, ముందుకూ పక్కలకూ వంగే స్వేచ్ఛను వదిలేశాడు. నోర్‌హైమ్ మడమ కట్టుకూ దీనికీ మధ్య శతాబ్దం దాటిన దూరం ఉన్నా ఆలోచన ఒక్కటే. పాదానికి విశ్రాంతి దొరికిన చోటే పలక మీద పట్టు దొరికింది. స్నోబోర్డు చరిత్రలో ఒకే ఒక్క వస్తువును ఎంచమంటే నేను ఎంచేది ఈ బద్దనే.

పలక పక్షాన వాదించేవాళ్లు దీనికి ఒప్పుకోరు. ఉక్కు అంచులు వచ్చాకే గట్టి మంచు లొంగిందనీ, స్కీ కొండలు తలుపులు తెరిచాకే ఆట పెరిగిందనీ అంటారు. రెండూ నిజమే. వెర్మాంట్‌లోని స్ట్రాటన్ కొండ 1983లో స్నోబోర్డులను అనుమతించడం పెద్ద మలుపు. లిఫ్టు ఎక్కి రోజంతా దిగగలిగినవాడికీ, పలక మోసుకుంటూ కొండెక్కి ఒకటి రెండుసార్లు దిగేవాడికీ నేర్పులో పోలికే ఉండదు. కానీ ఉక్కు అంచుకు పదును ఉంటుందే తప్ప తనంతట తాను లేచే శక్తి ఉండదు. దాన్ని లేపే చెయ్యి కట్టే. కొండల యజమానులు భయపడింది కూడా అదుపు గురించే. తొలి రోజుల్లో చాలాచోట్ల స్నోబోర్డర్లు అదుపుగా దిగి చూపించాకే లిఫ్టు ఎక్కనిచ్చేవాళ్లు. జనం మధ్య ఆగగలగడం, కోరినచోట తిరగగలగడం హైబ్యాక్ లేకుండా సామాన్యుడికి అందేవి కావు. అంచు, కట్టు, లిఫ్టు మూడూ కలిసే ఆటను పెంచాయి. వాటిలో మొదటిదీ మూడోదీ స్కీల నుంచి వచ్చినవి. మధ్యది మాత్రం ఈ ఆట తనకు తానుగా కనిపెట్టుకున్నది.

ఆ తర్వాతి మార్పు చూపులకు చిన్నది. నిజానికి అత్యంత ప్రజాస్వామికమైన మార్పు అదే. మొదట్లో బైండింగును చెక్కలోకి నేరుగా స్క్రూలతో దించేవాళ్లు. ఒకసారి దించితే అంతే. పాదాల మధ్య దూరం తప్పయితే మళ్లీ రంధ్రాలు చేయాలి, ప్రతి రంధ్రానికీ చెక్క బలహీనమవుతుంది. 1980లలోనే పలక లోపల లోహపు మరలు పొదగడం మొదలైంది. నాలుగు సెంటీమీటర్ల ఎడంతో నాలుగేసి రంధ్రాలు ఉండే అమరిక క్రమంగా వాడుకలో స్థిరపడింది. బర్టన్ కంపెనీ మాత్రం మూడు రంధ్రాల తన సొంత అమరికతో కొంతకాలం నడిచి, తర్వాత పలక మధ్యలో పొడవాటి గాడి పెట్టింది. బైండింగ్ మధ్యలో గుండ్రని బిళ్ల, దాని అంచున డిగ్రీల గీతలు వచ్చాయి. బిళ్ల స్క్రూలు వదులు చేసి పాదాన్ని తిప్పుకోవచ్చు. కర్మాగారం చేసే నిర్ణయం తొక్కేవాడి స్క్రూడ్రైవరుకు దిగివచ్చింది. అప్పటి నుంచి ఒక్కో తరం నిలబడే తీరును తనకు తగ్గట్టు దిద్దుకుంటూ వచ్చింది. మొదటి తరం రెండు పాదాలనూ ముక్కు వైపు తిప్పి నిలబడింది, చూపు పోయే దిక్కుకే వేళ్లూ పోవాలని. ఎటు వైపైనా దిగగలగాలని కోరుకున్న తరువాతి తరం ముందు పాదాన్ని పదిహేను డిగ్రీలు ముందుకూ, వెనక పాదాన్ని అంతే వెనక్కీ తిప్పి, బాతు నడకలా నిలబడడానికి అలవాటు పడింది.

ఈ సర్దుబాట్లు ఒక్కొక్కటీ ఆ పాత పాఠాన్నే చెబుతాయి. బూటు ముందూ వెనకా అంచు నుంచి సమానంగా బయటికి రావాలి. లేకపోతే ఒక వైపు మలుపు తేలికై, రెండో వైపు బరువవుతుంది. పాదాల మధ్య దూరం ఇంచుమించు భుజాల వెడల్పు ఉండి, మోకాలు వంగినప్పుడు బొటనవేళ్ల దిక్కుకే వంగాలి. మోకాలు లోపలికి పోతుంటే కోణం తప్పినట్టే. ఆ నొప్పిని ఓర్చుకోవడం ధైర్యం అనిపించుకోదు. హైబ్యాక్‌ను ముందుకు ఎక్కువ వంచితే మడమ అంచు చురుగ్గా స్పందిస్తుంది, బదులుగా మోకాళ్లు ఎప్పుడూ వంగే ఉండి తొడలు మండుతాయి. నేర్చుకునేవాడికి ఆ బేరం గిట్టదు. చీలమండ పట్టీ మడమను అడుగుకు ఆనించాలి, రక్తం ఆడనివ్వాలి. పట్టీని అతిగా బిగించినప్పుడు పాదం మొద్దుబారుతుంది. మొద్దుబారిన పాదానికి పలక కింద మంచు మారిందని తెలియదు, తెలియని పాదం ఆలస్యంగా స్పందిస్తుంది. వదులుగా ఉన్నప్పుడు జరిగేదీ అదే ముగింపుకు చేరుతుంది. పాదం జారుతుందేమోనన్న అనుమానంతో వేళ్లు ముడుచుకుని అడుగును పట్టుకోజూస్తాయి, అరికాలు పీకుతుంది. ఈ రెండు నొప్పుల్లో ఏదీ మంచి పట్టుకు గుర్తు కాదు.

దీనికి ఎదురు సాక్ష్యంగా పందేల వాళ్లను చూపిస్తారు. 1998లో నగానోలో స్నోబోర్డు తొలిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చినప్పుడు జెయింట్ స్లాలమ్‌లో గట్టి ప్లాస్టిక్ బూట్లు, లోహపు పలక కట్లు రాజ్యమేలాయి. కెనడాకు చెందిన రాస్ రెబాగ్లియాటి స్వర్ణం గెలిచాడు. అదుపు చివరికి గట్టిదనానిదే కదా అనిపిస్తుంది. కానీ వాళ్ల పలక సన్నం, దాని మీద బూటు అంచు దాటకుండా ఉండాలంటే పాదాలను యాభై డిగ్రీలు దాటి ముందుకు తిప్పాలి. అలా నిలబడినవాడికి చీలమండ పక్కకు కదలడం నష్టమే, కాబట్టి గట్టి బూటు సరైన జవాబు. అదే ఒలింపిక్స్‌లో హాఫ్‌పైప్‌లో దిగినవాళ్లు మెత్తని బూట్లతోనే దిగారు. ఏ కదలిక అక్కర్లేదో దాన్నే గట్టి బూటు ఆపింది. ఆ మాటకొస్తే మెత్తని బూటుకూ దాని నష్టం ఉంది. దూకి తప్పుగా దిగినప్పుడు చీలమండలోని తాలస్ ఎముక పక్క భాగం విరగడం స్నోబోర్డర్లలో తరచుగా కనిపించి, వైద్యులు ఆ గాయానికి ఈ ఆట పేరే పెట్టారు. మెత్తదనాన్ని గుడ్డిగా పొగడడం ఈ వాదం ఉద్దేశం కాదు.

1990ల్లో వచ్చిన స్టెప్-ఇన్ కట్ల కథ ఇంకా నేర్పుతుంది. మంచులో కూర్చుని పట్టీలు బిగించుకునే బాధ ఎందుకు, అడుగు పెడితే టిక్కుమని అతుక్కోవాలి అన్నది ఆలోచన. సైకిల్ పెడళ్ల తయారీలో పేరున్న షిమానోతో కలిసి కె2 కంపెనీ తెచ్చిన క్లిక్కర్, దానితోపాటు స్విచ్ వంటి ఇతర కట్లు కొన్నేళ్లు బాగా అమ్ముడయ్యాయి. 2000 దాటాక దాదాపు మాయమయ్యాయి. పట్టీలు తీసేసిన చోట ఆ పట్టు అంతా బూటే ఇవ్వాలి, కాబట్టి బూట్లు బిరుసెక్కాయి. అడుగున లోహం గడ్డలా తగిలేది, మంచు దూరి గొళ్లెం పడేది కాదు. తొడుక్కోవడంలోని తేలికను సుఖం అనుకున్నారు. అసలు సుఖం దిగుతున్న గంటల్లో ఉంటుంది. 2017లో బర్టన్ తెచ్చిన స్టెప్ ఆన్ ఆ తప్పును దిద్దింది. అడుగున కాకుండా వేళ్లకు రెండు పక్కలా, మడమ వెనకా మూడు చోట్ల పట్టుకుని, హైబ్యాక్‌ను దాని స్థానంలోనే ఉంచింది. జేక్ బర్టన్ 2019లో కన్నుమూసేనాటికి ఆ కట్టు కొండల మీద నిలదొక్కుకుంది.

కొండ మీదికి లిఫ్టు లేని చోట మాత్రం పాత ప్రశ్న తిరిగి వచ్చింది. పలకను నిలువునా రెండుగా చీల్చి, ఎక్కేటప్పుడు రెండు స్కీలుగా, దిగేటప్పుడు ఒక్క పలకగా వాడే స్ప్లిట్‌బోర్డులు 1990ల్లో విస్తరించాయి. యూటాలోని వ్వాలే కంపెనీ ఇంట్లోనే పలకను కోసుకుని అమర్చుకునే సరంజామా అమ్మింది. ఎక్కేటప్పుడు బైండింగ్ వేళ్ల దగ్గర ఒక ఇరుసు మీద ఊగుతుంది, మడమ లేస్తుంది. పైకి చేరాక అదే బైండింగ్‌ను తీసి అడ్డంగా తోస్తే రెండు చెక్కలనూ కలిపి పట్టుకుంటుంది, మడమ కుదురుకుంటుంది. ఒకే కట్టు, ఒకే రోజు, ఒకే పాదాన్ని రెండు రకాలుగా పట్టాలి. ఎక్కేటప్పుడు హైబ్యాక్‌ను వెనక్కి వాలనివ్వకపోతే అడుగు కురచవుతుంది, పిక్క నలుగుతుంది. దిగేటప్పుడు దాన్ని ముందుకు తెచ్చుకోవడం మరిచిపోతే మొదటి మడమ మలుపులోనే అంచు వదిలేస్తుంది. అందుకే ఆ బైండింగ్ వెనక చేతి తొడుగు తీయకుండానే తిప్పగలిగే చిన్న మీట పెడుతున్నారు.